గాలి ఎటైతే గాలం అటు: హట్టెరస్ తీరంలో ఆరు రోజులు

ఔటర్ బ్యాంక్స్‌లో ఒడ్డు మీద నిలబడి చేపలు పట్టాలంటే అక్టోబర్‌లో వెళ్ళాలని అడిగినవాళ్ళందరూ చెప్పారు. మాకు సెలవు దొరికింది జులైలో. "ఎండాకాలం అక్కడేముంది, చిన్న చేపలు, కాలే ఇసుక" అని ఒకాయన తేల్చేశాడు. సరే చూద్దాం అని నేనూ, మా బావమరిదీ రెండు రాడ్లు, ఒక ఐస్ పెట్టె, వాడి పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి వేసుకుని బయల్దేరాం.

ఈ ఔటర్ బ్యాంక్స్ అనేవి నార్త్ కరొలైనా నేలకి ఎడంగా, అట్లాంటిక్‌లో సాగే సన్నటి ఇసుక దీవులు. ఒకవైపు మహాసముద్రం, ఇంకోవైపు పామ్లికో సౌండ్ అనే లోతు తక్కువ ఉప్పునీళ్ళు. కొన్నిచోట్ల ఆ రెండిటి మధ్య ఒక ఇసుక దిబ్బ, ఒక రోడ్డు, అంతే. ఉత్తరం నుంచి దక్షిణానికి దిగివచ్చే ఈ ఇసుక పట్టీ కేప్ హట్టెరస్ దగ్గర మోచేయిలా వంగి నైరుతికి తిరుగుతుంది. మోచేతికి పైనున్న ఒడ్డు తూర్పుకి చూస్తుంది, కిందున్న ఒడ్డు దక్షిణానికి. ఈ ఒక్క ముక్క ముందే బుర్రకెక్కి ఉంటే మొదటి మూడు రోజుల్లో సగమైనా కలిసొచ్చేది.

మొదటి రోజు, శనివారం

ఇక్కడ అద్దె ఇళ్ళన్నీ వారం లెక్కన ఇస్తారు. ఎక్కువ ఇళ్ళలో శనివారమే దిగేవాళ్ళు దిగుతారు, ఖాళీ చేసేవాళ్ళు చేస్తారు. అంటే శనివారం వంతెన మీద బళ్ళు నడవవు, జరుగుతాయి. నాగ్స్ హెడ్‌లో మోటెల్‌కి చేరేసరికి సాయంత్రం ఐదు దాటింది. లైసెన్సులు దారిలోనే ఫోన్లో తీసుకున్నాం. పదహారేళ్ళు నిండిన ఎవరికైనా సముద్రపు చేపలకు లైసెన్సు ఉండాలి. బయటి రాష్ట్రాలవాళ్ళకి పది రోజులకి ఇచ్చేది ఉంది, అది చాలు.

గాలి వీపు వైపు నుంచి వీస్తోంది. నైరుతి గాలి. విసిరితే దారం కొసకి బరువుగా కట్టిన సీసం అలా తేలిపోయి ఎక్కడో పడుతోంది. "బావా, చూశావా ఎంత దూరం వెళ్ళిందో!" అని బావమరిది ఒకటే సంబరం. నేనూ తగ్గలేదు. ఇద్దరం పోటీ పడి గంటన్నర విసిరాం. ఎర తడిసి తిరిగొచ్చింది తప్ప ఇంకేం కాలేదు.

చీకటి పడబోతుండగా నా రాడ్ ఒక్కసారిగా వంగింది. గుండె నోట్లోకి వచ్చింది. చేప పరిగెత్తలేదు, లాగలేదు, ఊరికే బండరాయిలా కూర్చుంది. కాసేపటికి కదిలింది. ఇరవై నిమిషాలు లాగితే నురుగులో రెండు రెక్కల కొసలు తేలాయి. కౌనోజ్ రే, చదునుగా రెక్కలు పరిచినట్టుండే చేప. నుదురు మధ్యలో నొక్కు పడి ఆవు మూతిలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. వేసవిలో ఇవి గుంపులుగా వస్తాయట. తోక మొదట్లో విషపు ముల్లు ఉంటుంది. దాన్ని ఇసుక మీదకి లాగుదామని బావమరిది తోక పట్టుకోబోయాడు. వెనకనుంచి "వద్దు!" అని ఒక అరుపు.

మాకు కొంచెం అవతల మడతకుర్చీలో కూర్చున్న పెద్దావిడ ఆమె. లేచి వచ్చి, మా చేతిలో ప్లయర్స్ తీసుకుని, తోకకి ఎడంగా ముందు వైపు నిలబడి, ఒక అల వచ్చి రే తేలగానే దారం మూతి దగ్గరికి పట్టుకుని టక్కున కత్తిరించింది. అది రెక్క విదిల్చి వెళ్ళిపోయింది. ఆవిడ బకెట్లో ఐదు చేపలు ఉన్నాయి. ఆవిడ రాడ్ మా రాడ్లలో సగం కూడా లేదు.

"మీరిద్దరూ చేపల్ని దాటించి విసురుతున్నారు" అంది.

మాకు అర్థం కాలేదు. నీళ్ళవైపు చెయ్యి చూపించింది. అల మొదట దూరంగా ఒకచోట విరిగి తెల్లబడుతోంది. అక్కడ ఇసుక గట్టు ఉందన్నమాట. ఆ తర్వాత చదునైపోయి, మళ్ళీ ఒడ్డు దగ్గర విరుగుతోంది. ఈ రెండు తెలుపుల మధ్య నల్లగా, నున్నగా కనిపించేది గాడి. పోటు వస్తున్నప్పుడు ఒడ్డు ఇసుక కదిలి అందులోని పురుగూ పుట్రా గాడిలోకి పడతాయి, చేపలు అక్కడే తింటాయి. ఆ గాడి మేం నిలబడినచోటికి నలభై అడుగుల్లో ఉంది. మేం గంటన్నరగా గట్టు అవతల ఎడారిలో విసురుతున్నాం.

రెండో రోజు, ఆదివారం

పొద్దున్న జెన్నెట్స్ పియర్. పియర్ అంటే ఒడ్డునుంచి సముద్రంలోకి స్తంభాల మీద కట్టిన నడక వంతెన. 1939లో కట్టిన పాత చెక్క పియర్‌ని 2003లో ఇసబెల్ తుఫాను విరిచేసింది. ఇప్పుడున్నది 2011లో తెరిచిన కాంక్రీటుది. వెయ్యి అడుగుల పొడవు, మీద మూడు గాలిమరలు. టికెట్టు కొంటే లైసెన్సు కూడా అందులోనే కలిసి ఉంటుంది. తలుపులు తీయగానే లోపలికి వెళ్ళాం. మాకంటే ముందే ముప్ఫై మంది ఉన్నారు.

నైరుతి గాలి నేల మీదనుంచి వస్తుంది కాబట్టి తూర్పు ఒడ్డున నీళ్ళు అద్దంలా పరుచుకున్నాయి. పైనుంచి చూస్తే అడుగు దాకా ఆకుపచ్చ. స్పానిష్ మాకెరెల్‌కి ఇలాంటి తేట నీళ్ళే కావాలి, కంటితో వేటాడే చేప అది. మన వంజరం జాతిదే, ఒంటి మీద బంగారు రంగు చుక్కలుంటాయి. వీటికి అక్కడ అందరూ వాడేది గాచా ప్లగ్ అనే ఉత్తుత్తి ఎర. ఎర్ర తలకాయ, తెల్ల గొట్టం, రెండు కొక్కేలు. దాన్ని విసిరి, కాస్త మునగనిచ్చి, రాడ్ కొసని కిందికి గట్టిగా జాడిస్తూ లాగాలి. జాడించినప్పుడల్లా అది పక్కకి ఎగిరి చిన్న చేప బెదిరి పారిపోతున్నట్టు ఉంటుంది.

సూర్యుడు ఇంకా పూర్తిగా పైకి రాలేదు. టెర్న్ పిట్టలు ఒకచోట గుమిగూడి నీళ్ళలోకి పడుతున్నాయి. ఆ గుంపు పియర్ వైపుకి జరిగినకొద్దీ వరసలో ఒక్కొక్కరి రాడ్డూ వంగుకుంటూ వస్తోంది, దీపాలు ఒకదాన్నుంచి ఒకటి ముట్టించినట్టు. నా వంతు వచ్చేసరికి చేతులు వణికాయి. రెండో జాడింపుకే తగిలింది. స్పానిష్ మాకెరెల్ లాగే తీరు వేరు. బరువు ఉండదు, వేగం ఉంటుంది. దారం నీళ్ళని కోసుకుంటూ ఎడమకి, మరుక్షణం కుడికి. పైకి తెచ్చి కొలిస్తే తోక చీలిక దాకా 16 అంగుళాలు. కనీసం 12 ఉండాలి, రోజుకి మనిషికి 15 చేపలు. ఈ చేపకి కొలత తోక చివరిదాకా కాదు, చీలిక మధ్య దాకా. రెండో చేప దగ్గర ఈ తేడా తెలియక పక్కవాళ్ళతో వాదించి నవ్వులపాలయ్యాను.

పళ్ళు కత్తెరలా ఉంటాయి. బావమరిది పలచటి దారానికి నేరుగా ప్లగ్ కట్టాడు, రెండు ప్లగ్గులు పోగొట్టుకున్నాక గానీ ముందు మందపాటి దారం ముక్క కట్టలేదు. ఏడున్నరకల్లా పిట్టలు వెళ్ళిపోయాయి, ఆట అయిపోయింది. మొత్తం గంటన్నర. మాకు ఏడు.

తర్వాత పియర్ కొసకి వెళ్ళి నిలబడ్డాం. అక్కడిది వేరే ప్రపంచం. ఒక్కొక్కరికి రెండు రాడ్లు. ఒకదాని పని లంగరు వెయ్యడం మాత్రమే. రెండోదాని దారాన్ని బట్టల క్లిప్పులాంటి దానితో ఆ లంగరు దారానికి తగిలించి, బతికున్న చేపని నీళ్ళ పైపొరలో ఈదేలా వేలాడదీస్తారు. కింగ్ మాకెరెల్ గానీ కోబియా గానీ, అలాంటి పెద్ద చేప ఎర పట్టగానే క్లిప్పు వదిలేస్తుంది. వచ్చేదాకా ఏం చెయ్యాలి? ఏం లేదు. కూర్చోవాలి. ఒకాయన నాలుగో రోజు కూర్చున్నానని చెప్పాడు. గొంతులో ఫిర్యాదు లేదు.

సాయంత్రం పెద్దావిడ చెప్పిన పాఠం అమలు. ముందు ఎర కావాలి. అల వెనక్కి వెళ్ళేటప్పుడు తడి ఇసుక మీద చూస్తే అక్కడక్కడా నీళ్ళు చిన్న చిన్న వి ఆకారంలో చీలుతాయి. అక్కడ రెండు చేతులూ దోసిలిగా గుచ్చి ఇసుక ఎత్తితే, వేళ్ళ సందుల్లో ఏదో గిలిగింతలు పెడుతుంది. మోల్ క్రాబ్. అక్కడివాళ్ళు శాండ్ ఫ్లీ అంటారు, కుక్కల ఒంటి మీద ఎగిరే ఫ్లీ పురుగుకీ దీనికీ సంబంధం లేదు. బొటనవేలి మొదటి కణుపంత, బూడిద రంగు గుడ్డులా ఉంటుంది. పట్టే డెక్కలు లేవు, కరవదు. ముందుకి నడవడం దానికి రాదు, వెనక్కే తవ్వుకుంటూ పోతుంది. ఆడవాటి పొట్ట కింద నారింజ రంగు గుడ్ల ముద్ద ఉంటే ఇంకా మంచిదంటారు. పావుగంటలో ఒక డబ్బా నిండింది. కొనుక్కొచ్చిన ఎర పెట్టె మూత ఆ తర్వాత తెరవలేదు.

అమావాస్య వెళ్ళి రెండు రోజులు, పోటు సాయంత్రం ఎనిమిదికి దగ్గరగా ఉంది. ఏడింటికి చిన్న కొక్కేలు రెండు, మూడు ఔన్సుల పిరమిడ్ సీసం కట్టి, విసరడం కాదు, అండర్ హ్యాండ్‌తో అలా వదిలాను. నలభై అడుగులు. టక్. ఆగి, టక్ టక్. సీ మలెట్ కొరికితే రాడ్ కొస తలూపినట్టు రెండుసార్లు వంగుతుంది. ఈ చేపని ఒకరు కింగ్‌ఫిష్ అంటారు, ఇంకొకరు వైటింగ్ అంటారు, మలెట్ మాత్రం కాదు. గడ్డం కింద ఒకే ఒక్క మీసం, మూతి కిందికి తిరిగి ఉంటుంది, అడుగున ఏరుకుని తినడానికి. చీకటి పడేలోగా ఇద్దరికీ కలిపి పదకొండు. పెద్దావిడ తన కుర్చీలోంచి బొటనవేలు పైకెత్తి చూపించింది.

మూడో రోజు, సోమవారం

పొద్దున్నే నీళ్ళలో కాలు పెట్టి వెనక్కి దూకాను. నిన్న గోరువెచ్చగా ఉన్న సముద్రం ఇవాళ ఐసు. పియర్ దగ్గర బోర్డు మీద నిన్న 78 డిగ్రీల ఫారెన్‌హీట్ అని రాసి ఉంది, ఇవాళ 63. ఎండ మాత్రం మాడుస్తోంది.

గాలే కారణం. నైరుతి గాలి రెండుమూడు రోజులు ఆగకుండా తీరం వెంబడి వీస్తే, భూమి తిరగడం వల్ల పైపొర నీరు గాలి దిక్కుకి కుడిపక్కకి, అంటే ఒడ్డునుంచి సముద్రంలోకి జరుగుతుంది. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లనీళ్ళు పైకి వస్తాయి. పైకి చూస్తే నీళ్ళు నీలంగా, తేటగా, ఫొటోకి పనికొచ్చేలా ఉంటాయి. చేప ఒక్కటి ఉండదు. మాకు ఐదు గంటల్లో ఒక్క కొరుకుడు లేదు.

పైగా ఈగలు. నైరుతి, పడమటి గాలులకి సౌండ్ వైపు నుంచి కొట్టుకొచ్చి సముద్రపు ఒడ్డున చేరతాయి. చూడటానికి ఇంటీగలా ఉంటాయి. మేజోళ్ళ మీద నుంచి కూడా కుడతాయి. చీలమండలే వాటికి ఇష్టం. బావమరిది పది నిమిషాలు ఒంటికాలి మీద, పది నిమిషాలు ఇంకో కాలి మీద నిలబడి, "బావా, చేపలు పట్టడానికి వచ్చామా, తపస్సుకి వచ్చామా?" అన్నాడు.

మోటెల్ ఖాళీ చేసి దక్షిణానికి బయల్దేరాం. ఒరెగాన్ ఇన్లెట్ మీద 2019లో తెరిచిన మార్క్ బాస్‌నైట్ వంతెన, పొడవు 2.8 మైళ్ళు. దీనికి ముందున్న బోనర్ వంతెన 1963 నాటిది. ఆ ఇన్లెట్ కూడా ఎప్పటినుంచో ఉన్నది కాదు, 1846లో వచ్చిన తుఫాను దీవిని తెంపితే పడిన గండి. రోడాంతీ దగ్గర ఇంకా ఘోరం. స్తంభాల మీద నిలబడ్డ ఇళ్ళు అలల్లోకి నడుచుకుంటూ వెళ్తున్నట్టు ఉన్నాయి. 2020 నుంచి ఒక్కొక్కటే కూలిపోతున్నాయి. రోడ్డునే సముద్రం తినేస్తుంటే 2022లో దాన్ని సౌండ్ నీళ్ళ మీదుగా వంతెన వేసి పక్కకి తిప్పారు.

ఆవన్ అనే ఊళ్ళో బండి ఆపమన్నాను. చూడటానికి ఏమీ లేదు, ఊరికే ఆపాలనిపించింది. 1984 నవంబర్ 7న డేవిడ్ డ్యూయెల్ అనే ఆయన ఇక్కడి ఒడ్డున 94 పౌండ్ల 2 ఔన్సుల రెడ్ డ్రమ్ పట్టాడు. ఆ రికార్డుని ఇప్పటికీ ఎవరూ దాటలేదు. ఒడ్డున నిలబడి చూశాం. మామూలు ఒడ్డు. అలలు, ఇసుక, ఒక పిల్లాడు బకెట్‌తో.

బక్స్‌టన్‌లో గది దొరికింది. చేపలు లేవు కాబట్టి సాయంత్రం లైట్‌హౌస్ దగ్గరికి వెళ్ళాం. 1870 నాటిది, నల్లటి తెల్లటి చారలు మెలికలు తిరిగి ఉంటాయి, ఎత్తు 198 అడుగులు. సముద్రం కాళ్ళ దగ్గరికి వచ్చేస్తే 1999లో దీన్ని ఇటుక ఊడకుండా పట్టాల మీద 2,900 అడుగులు వెనక్కి జరిపారు. ఇరవైమూడు రోజులు పట్టింది. పాత చోటుకి వెళ్ళి అక్కణ్ణుంచి దాన్ని చూస్తే, ఇంత బరువుని జరిపినవాళ్ళు మనుషులేనా అనిపించింది.

రాత్రి గదిలో మ్యాపు పరుచుకుని కూర్చున్నాం. అప్పుడు వెలిగింది. తూర్పు ఒడ్డుకి వెనకనుంచి వచ్చే ఈ నైరుతి గాలి మోచేతి కింద దక్షిణపు ఒడ్డుకి ఎదురుగా వస్తుంది. అంటే అక్కడ పైపొర వెచ్చటి నీళ్ళు ఒడ్డుకి నెట్టుకొస్తాయి. ఇక్కడికి ఐదారు మైళ్ళు.

నాలుగో రోజు, మంగళవారం

అసలు మనసులో ఉన్నది కేప్ పాయింట్. మోచేతి కొస. దాని ముందే డైమండ్ షోల్స్ అనే ఇసుక మేటలు మైళ్ళ తరబడి సముద్రంలోకి వెళ్తాయి. ఉత్తరం నుంచి వచ్చే చల్లటి లాబ్రడార్ ప్రవాహం, దక్షిణం నుంచి వచ్చే వెచ్చటి గల్ఫ్ స్ట్రీమ్ ఆ దాపుల్లోనే ఎదురుపడతాయి. ఎన్నో ఓడలు మునిగాయి కాబట్టి ఈ తీరానికి అట్లాంటిక్ శ్మశానం అని పేరు. చేపలకి మాత్రం కూడలి. తీరా వెళ్తే తాడు కట్టి బోర్డు పెట్టారు. పక్షులు గూళ్ళు పెట్టి పిల్లల్ని పెంచుతున్నాయి, బళ్ళూ మనుషులూ అటు వెళ్ళకూడదు. వేసవిలో ఇది మామూలేనట. బావమరిది ముఖం చిన్నబోయింది. నాకు పెద్దగా బాధ కలగలేదు. ఇసుక మీద గుడ్డు పెట్టి బతికే పిట్టకి ఇంకెక్కడ చోటుంది?

ఫ్రిస్కో దగ్గర 49వ నంబరు ర్యాంపు, అంటే బళ్ళు ఒడ్డు ఇసుక మీదకి దిగే దారి, తెరిచే ఉంది. ఒడ్డున బండి నడపడానికి నేషనల్ పార్క్ సర్వీస్ పర్మిట్ కావాలి. పార, జాకీ, జాకీ కింద పెట్టడానికి చెక్క, టైరు గాలి కొలిచే గేజి బండిలో ఉండాలి. రాత్రి తొమ్మిది తర్వాత నడపకూడదు, తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం. అన్నీ సిద్ధం చేసుకున్నాం. టైర్లలో గాలి 20కి తగ్గించమని రాసి ఉంది. బావమరిది 28 దగ్గర ఆపేశాడు. "మళ్ళీ నింపుకోవాలి కదా బావా, చాల్లే." నేనూ తలూపాను. తప్పు ఇద్దరిదీ.

ర్యాంపు దిగి రెండు వందల అడుగులు వెళ్ళాక బండి మూలిగింది. వాడు యాక్సిలరేటర్ తొక్కాడు. ఇసుకలో కూరుకున్నప్పుడు చెయ్యకూడని పని అదొక్కటే, మేం అదే చేశాం. చక్రాలు తవ్వుకుంటూ ఇరుసు దాకా దిగాయి. కిందికి వంగి చూస్తే బండి పొట్ట ఇసుక మీద ఆనుకుని ఉంది. పొద్దున్న ఎనిమిది గంటలకే ఇసుక కాలుతోంది. పార ఉంది గానీ ఒక పార తీసేలోపు రెండు పారలు జారిపడుతోంది.

అటుగా వచ్చిన ఒక ముసలాయన బండి ఆపాడు. తాడు తీస్తాడనుకున్నాం. జేబులోంచి గేజి తీశాడు. నాలుగు టైర్లూ చూసి, ఏమీ అనకుండా ఒక్కొక్కదాని దగ్గరా కూర్చుని గాలి వదిలాడు. బుస్స్‌మని ఆ చప్పుడు ఎంతసేపు వచ్చిందో! టైరు కింద భాగం ఉబ్బి అరటిపండు మగ్గినట్టు మెత్తబడింది. చక్రాల వెనక ఇసుక చదును చేయించి, "ఇప్పుడు వెనక్కి, మెల్లగా, వచ్చిన దారినే" అన్నాడు. పిల్లి నడిచినట్టు బండి పైకొచ్చింది. తాడు అక్కరే రాలేదు.

నీళ్ళలో కాలు పెడితే వెచ్చగా ఉన్నాయి. రాత్రి మ్యాపు అబద్ధం చెప్పలేదు. కానీ అల గందరగోళం, పక్కవాటుగా ప్రవాహం, దారానికంతా నాచు. మూడు ఔన్సుల సీసం నిలబడకుండా పావుగంటకి వంద అడుగులు దొర్లిపోతోంది. ఐదుకి మార్చి, వైరు కాళ్ళున్న సీసం కట్టాం, అది ఇసుకలో గుచ్చుకుని ఆగుతుంది. ఐదు నిమిషాలకొకసారి నాచు దులుపుకుంటూ ఎనిమిది బ్లూఫిష్, నాలుగు సీ మలెట్. బ్లూఫిష్‌ని వెంటనే మొప్ప దగ్గర కోసి రక్తం కార్చి, ఐసూ సముద్రపు నీళ్ళూ కలిపిన జావలో ముంచాలి. గంట ఆలస్యమైతే మాంసం మెత్తబడి వాసన వేస్తుంది. చేప బాగోదని తిట్టుకునేవాళ్ళలో చాలామంది ఈ పని చెయ్యనివాళ్ళే.

ఐదో రోజు, బుధవారం

రాత్రి ఉరుములు, గంటసేపు వాన. తెల్లవారి తలుపు తీస్తే చల్లగాలి ముఖానికి తగిలింది. ఈశాన్యం! ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కాఫీ కూడా తాగలేదు.

టైర్లు 20. ఈసారి గేజితో రెండుసార్లు చూశాను.

నిన్న నురుగు కక్కిన ఒడ్డేనా ఇది? దీవి అడ్డం రావడంతో ఈశాన్య గాలి వీపు మీదుగా పోతోంది. నీళ్ళు చదునుగా, తేటగా, వెచ్చగా. పోటు రోజుకి దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది కాబట్టి ఇవాళ పదింటి దాపుల్లో ఉంది. మాకు రెండు గంటలకి పైగా సమయం. నేను వెంటనే విసరలేదు. ఒడ్డు వెంబడి అరమైలు నడిచాను. ఒకచోట బయటి గట్టు మీద తెలుపు వరస తెగి ఉంది, అక్కడ అల విరగడం లేదు. గట్టుకి గండి. ఒడ్డుకొచ్చిన నీరంతా ఆ గండిలోంచే తిరిగి పోతుంది. ఈతకి దిగినవాళ్ళని సముద్రంలోకి లాక్కెళ్ళే రిప్ కరెంట్ పుట్టేది ఇలాంటిచోటే. పెద్ద చేప ఒడ్డుకి వచ్చే వాకిలి కూడా అదే. మోకాలి లోతు దాటి దిగకూడదని ఒప్పందం చేసుకుని, గండికి ఇటు అంచున నిలబడ్డాం.

మొదటి మోల్ క్రాబ్‌కే పాంపనో. గుండ్రటి వెండి పళ్ళెంలాంటి చేప, పొట్ట పసుపు. బరువు పౌండు ఉంటుందేమో, లాగితే ఐదు పౌండ్ల పొగరు. అడ్డంగా తిరిగి ఒళ్ళంతా నీటికి అడ్డం పెడుతుంది. ఎనిమిదిన్నరలోపు నాలుగు. ఒక ఫ్లౌండర్ కూడా పడింది, రెండు కళ్ళూ ఒకేవైపున్న చదును చేప. ఇప్పుడు దాన్ని ఉంచుకునే కాలం కాదు, అక్కడికక్కడే వదిలేశాం. ఆ రోజు పడినవాటిలో తినడానికి అన్నిటికంటే మంచిది అదే కావడం మా ఖర్మ.

తొమ్మిదింపావుకి బావమరిది రాడ్ స్టాండులోంచి ఎగిరి ఇసుకలో పడింది. పడి ఆగలేదు, నీళ్ళలోకి జారిపోతోంది. వాడు బోర్లా పడి పిడి పట్టుకున్నాడు. లేచేసరికి నోట్లో ఇసుక. "బావా, బావా" తప్ప ఇంకో మాట లేదు. రీల్ కీచుమంటోంది. "లాగకు, పోనీ" అన్నాను. పోయింది, ఎనభై గజాలు. ఆగింది. మెల్లగా తిరిగింది. దగ్గరికొచ్చిన ప్రతిసారీ ఒడ్డు చూసి మళ్ళీ పరుగు. చివరికి ఒక అల మీద పెట్టి దాన్ని తడి ఇసుకకి జార్చాం.

రెడ్ డ్రమ్. రాగి బిందెకి కొత్తగా కళాయి పోసినట్టు పైన ఎరుపు, కిందికొచ్చేసరికి తెలుపు. తోక మొదట్లో కాటుక బొట్టులా నల్లటి మచ్చ. దగ్గరగా వంగితే లోపల్నుంచి "గుర్ గుర్" మని చప్పుడు. గాలితిత్తి పక్కన కండరాలు కొట్టుకుంటే వచ్చే మోత అది, డ్రమ్ అనే పేరు అందుకే. ఈ రాష్ట్రపు సముద్రపు చేప ఇదే. కొలబద్ద పరిచాం. 18 నుంచి 27 అంగుళాల మధ్య ఉంటేనే ఉంచుకోవచ్చు, మనిషికి రోజుకి ఒకటి. 27 దాటినవి గుడ్లు పెట్టే వయసుకి వచ్చినవి, ఇవి అరవై ఏళ్ళ దాకా బతుకుతాయి, అందుకే పెద్దవాటిని ముట్టుకోనివ్వరు. నోరు మూసి, తోక నొక్కి చూస్తే 27న్నర.

బావమరిది మళ్ళీ కొలిచాడు. 27న్నర. బద్దని కాస్త జరిపి మూడోసారి కొలిచాడు. నేను ఏమీ అనలేదు. చుట్టుపక్కల అరమైలు దూరంలో మనిషి లేడు. వాడు కాసేపు చేప వంక చూసి, "అర అంగుళం బావా" అన్నాడు. అని రెండు చేతులతో పొట్ట కింద పట్టుకుని మోకాలి లోతుకి వెళ్ళి, మూతిని అలకి ఎదురుగా పెట్టి నిలబడ్డాడు. మొప్పలు తెరుచుకుని మూసుకోవడం చేతులకి తెలుస్తోందట. నిమిషం తర్వాత తోక ఒక్క ఊపు ఊపి వాడి ముఖం నిండా నీళ్ళు కొట్టి పోయింది.

పోటు తిరిగాక కొరుకుడు ఆగిపోయింది. నీడ లేదు. పదకొండింటికి గదికి వచ్చి పడి నిద్రపోయాం.

ఆరో రోజు, గురువారం

తిరుగుదారి. ఈశాన్య గాలి ఇంకా గట్టిపడింది. నాగ్స్ హెడ్‌లో ఒకసారి ఆగాం. ఆదివారం అద్దంలా ఉన్న నీళ్ళు ఇప్పుడు బురద రంగు, అల మీద అల. ఎర్ర జెండాలు ఎగురుతున్నాయి, ఎవరినీ నీళ్ళలోకి దిగనివ్వడం లేదు. పియర్ మీద పదిమంది కూడా లేరు. పెద్దావిడ ఉంటుందేమోనని ఒడ్డుకి నడిచాం. కుర్చీ పెట్టే చోట ఎవరూ లేరు. గాలి చూసి ఇంట్లోనే ఉండిపోయి ఉంటుంది.

డబ్బాలో ఇంకా డజను మోల్ క్రాబ్‌లు ఉన్నాయి. అల వెనక్కి వెళ్తున్నప్పుడు ఒంపేశాను. ఒక్క క్షణం ఇసుక మీద గింజల్లా కనిపించి, వెనక్కి తవ్వుకుని మాయమయ్యాయి.

ఇంటికొచ్చి రీల్ విప్పితే చెంచాడు ఇసుక రాలింది. కడిగి, నూనె వేసి, మళ్ళీ బిగిస్తుంటే ఫోన్ మోగింది.

"బావా, హట్టెరస్‌లో ఇవాళ గాలి ఎటుందో చూశావా?"

చూశాను. మళ్ళీ నైరుతి.